నట్టు ఎటువైపు

"ఏదో ఒకటి రాసెయ్ నిమీ," అన్నాడు మా ఆయన దెర్లిస్, వరండాలో కుర్చీలోంచి లేవకుండానే. "పిలార్ ఊరి నుంచి ఆ జునిల్డా మళ్ళీ ఫోటో పెట్టింది. నేను పొద్దున్నే 'పర్ఫెక్ట్' అని కొట్టేశాను. నువ్వు ఇంకో రెండు మంచి ముక్కలు తగిలించు."

నా చేతులు మోచేతుల దాకా సబ్బు నీళ్ళలో ఉన్నాయి. శనివారం కదా, వారం బట్టలన్నీ పెరట్లో తొట్టి పక్కన కుప్ప పడి ఉన్నాయి. ఆయన ప్యాంట్లు, అత్తయ్య దుప్పట్లు, వంటింటి గుడ్డలు. పోయిన చలికాలంలో నా వాషింగ్ మెషీన్ డ్రమ్ము చిల్లు పడింది. మోటారు మాత్రం నిక్షేపంలా ఉంది. కొత్త డ్రమ్ము తెస్తానన్న దెర్లిస్ మోటారు ఊడదీసి షెడ్డులో పెట్టాడు. "ఇంత మంచి మోటారు మూలన పడేస్తామా నిమీ? రంపం బల్ల చేద్దాం" అన్నాడు. చేద్దాం అన్నాడు గదా, అందులో నేనూ ఉన్నాననుకుని సంబరపడ్డాను. నిజంగానే ఉన్నాను. తీగలు కలిపింది నేను, బెల్టు లాగి చూసింది నేను, బల్ల చెక్కకి గాడి గీసింది నేను. బల్ల పూర్తయ్యాక అతను తీసుకున్న వీడియోలో ఒకచోట నా చెయ్యి కనిపించింది. చూసేవాళ్ళ దృష్టి మళ్ళుతుందని ఆ ముక్క కత్తిరించేశాడు. ఆ తర్వాత ఆ వీడియో నేను మళ్ళీ చూడలేదు.

వీడియో పెట్టింది 'మన చేతిపని' అనే గ్రూపులో. పెరట్లోనో, కారు షెడ్డులోనో ఏదో ఒకటి చేసుకునేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ అందులో ఉన్నారు. చేసినదాని ఫోటో పెడతారు, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పమంటారు, తోచిన ఉపాయం ఇస్తారు. పాత సామాను వృథా పోనివ్వని మాస్టారని దెర్లిస్‌ని అందరూ ఆకాశానికెత్తారు. ఆ సామాను చేసే పని ఇప్పుడు ఎవరి చేతుల మీద పడిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడుగుతారని నేనూ అనుకోలేదు లెండి.

మాస్టారికి జవాబులు రాయడం చేతకాదు. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటాడు, ఆలోపే కోపం వచ్చేస్తుంది. మొదట్లో బెర్నాల్ అనే ఆయన ఏదో తప్పు చూపిస్తే, గ్రూపంతా చూస్తుండగా వాళ్ళ అమ్మ దాకా వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆ పని నా మీద పడింది. "నువ్వు నెమ్మదస్తురాలివి కదా, నువ్వయితే చక్కగా రాస్తావు" అంటూ తన ఖాతా నా ఫోన్‌లో తెరిచి ఇచ్చాడు. అలా గరిటె ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని ఎంతోమందికి సలహాలు చెప్పాను. సొరుగు పట్టేస్తోందంటే గాడిలో కొవ్వొత్తి రుద్దమన్నాను. మోటారు వేడెక్కుతోందంటే ముందు బెల్టు వదులు చేసి చూడమన్నాను. మా నాన్నకి మోటార్లకి తీగ చుట్టే దుకాణం ఉండేది, నేను పాకడం నేర్చుకున్నదే ఆ తీగల మధ్య. చివర్లో 'మీ దెర్లిస్' అని పెట్టేదాన్ని. సాయంత్రం దెర్లిస్ ఆ కామెంట్లు అత్తయ్యకి పైకి చదివి వినిపించేవాడు. "చూశావా అమ్మా? ఎంత ఓపిగ్గా చెప్తారు మాస్టారూ అంటున్నారు." అత్తయ్య మురిసిపోయి, "ఓపిక మా వైపు నుంచే వచ్చిందిరా, మీ నాన్నకెక్కడిది!" అనేది. ఇటు తిరిగి నాతో, "ఆ గ్రీజు చేతులతోనే పిండి కలుపుతున్నావా ఏంటి, కాస్త కడుక్కో" అనేది.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టం. ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగరు. ఎక్కడ పెట్టావ్, అయిందా, ఇంకా అవలేదా, ఇవీ నాకు వచ్చే ప్రశ్నలు. గ్రూపులోవాళ్ళు నిజమైన ప్రశ్నలు అడుగుతారు. చెప్పింది చేసి చూసి, పని చేసిందని మళ్ళీ వచ్చి చెబుతారు. ఆ మాట వేరే పేరుకి చెబుతున్నారన్న సంగతి అప్పుడప్పుడు మరిచిపోయేదాన్ని. గుర్తొచ్చిన రోజు మాత్రం అంట్లు కాస్త గట్టిగా చప్పుడయ్యేవి.

చేతులు గౌనుకి తుడుచుకుని జునిల్డా పెట్టిన ఫోటో తెరిచాను. ఆమె తేనె అమ్ముకునే మనిషి. తేనెటీగల పెట్టెలు తనే చేసుకోవాలని మా వీడియో చూసి రంపం బల్ల కట్టింది. ఎంత పొందిగ్గా కట్టిందో! తీగలు కూడా దారంతో జడలా కట్టి పెట్టింది. బాగుందని రాయబోతూ ఆగిపోయాను. ఏదో నచ్చలేదు. ఏమిటో తెలియలేదు. కొత్తగా దిగిన ఇంట్లో వంటగది తలుపు ఎడమకి తెరుచుకుంటే మొదటిరోజు చెయ్యి గాల్లో తడుముకున్నట్టు, నా చెయ్యి ఆ ఫోటోలో దేన్నో తడుముకుంటోంది. ఫోటో పెద్దది చేశాను. బల్ల ముందు నిలబడితే బ్లేడు మోటారుకి ఎడమవైపు ఉంది. దాన్ని పట్టి ఉంచే నట్టు కూడా ఎడమవైపే ఉంది.

మాది కుడివైపు.

మా వీడియో తెరిచాను. అందులోనూ ఎడమవైపే కనబడుతోంది. నాకు మతి పోయింది. మా రంపం నాకు తెలియదా? వీడియోలో దెర్లిస్ మొహం చూశాను, తర్వాత అతని చొక్కా చూశాను. జేబు అతని కుడివైపు ఉంది. ఆ జేబు ఇస్త్రీ చేసింది నేనే, అది ఎడమవైపు ఉంటుంది. అప్పుడు అర్థమైంది. తన మొహం తనకి కనబడుతూ ఉంటే తప్ప ఈయనకి మాట పెగలదు. అందుకని ఫోన్ ముందువైపు కెమెరాతో తీసుకున్నాడు. ఆ ఫోన్‌లో అలా తీస్తే అద్దంలో చూసినట్టు కుడి ఎడమ తారుమారై పడుతుంది. ఊళ్ళ నుంచి చూసేవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కళ్ళకి కనబడినదాన్ని కనబడినట్టే కట్టుకుంటారు.

కుడైతేనేం, ఎడమైతేనేం అనుకోవచ్చు. మామూలు నట్టు కుడివైపు ఉంటే, బ్లేడు మనవైపు తిరిగేకొద్దీ దానంతటదే బిగుసుకుంటుంది. అదే నట్టు ఎడమవైపు పెడితే, తిరిగేకొద్దీ వదులవుతుంది. పైకి ఏ తేడా కనపడదు. బ్లేడు మనవైపే తిరుగుతుంది, చెక్క కోస్తుంది, అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. ఊడేదాకా ఊడుతుందని తెలియదు. మాకు మాత్రం తెలుసు. మొదటిసారి మోటారు తీగలు తిరగేసి కలిపినప్పుడు బ్లేడు ఎదురు తిరిగి, మొదటి చెక్క సగంలో ఉండగా నట్టు ఎగిరిపోయింది. బ్లేడు ఇరుసు మీంచి జారి, నా మోకాలి పక్కనుంచి దూసుకెళ్ళి షెడ్డు తలుపులో దిగబడింది. దెర్లిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. చాలాసేపు నా గౌను అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఆ తలుపు మీద గాటు వీడియోలో కనపడకుండా క్యాలెండర్ వేలాడదీశాడు.

ఫోటో కింద జునిల్డా ఇలా రాసింది. "మాస్టారు పర్ఫెక్ట్ అన్నారు కాబట్టి ఇక భయం లేదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక మొదటి చెక్క కోస్తాను. మా అమ్మ రెండో చివర కూర్చుని పట్టుకుంటుంది."

వరండాలోకి పరుగెత్తాను. దెర్లిస్ చల్లటి టెరెరే పీలుస్తూ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ మూలికలు దంచి, నీళ్ళలో ఐసు వేసి పెట్టింది కూడా నేనే. జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. విన్నాడు. చూపించిన ఫోటో చూశాడు. తన చొక్కా జేబు తడుముకున్నాడు. అర్థమైంది అతనికి. అర్థం కాలేదేమోనని కాసేపు ఆశపడ్డాను గానీ, బాగానే అర్థమైంది.

"సాయంత్రం చెప్దాం," అన్నాడు.

"సాయంత్రానికి ఆవిడ రంపం నడిపేసి ఉంటుంది."

"ఇవాళ సాయంత్రమే కదా నిమీ, ఈ ఏటి మేటి పని ఎవరిదో గ్రూపులో చెప్పేది! మనదే గెలుస్తుందని అడ్మిన్ కూడా అన్నాడు. ఇప్పుడు తప్పు జరిగిందని రాస్తే బెర్నాల్ గాడు ఊరుకుంటాడా? ఏడాది పొడుగునా అదే పాట పాడతాడు. ఫలితం రానీ, ఆవిడకి నేనే విడిగా చెప్తాను."

"ఆవిడ ఒక్కతే కాదు. వీడియో దాచుకున్నవాళ్ళు ఎంతమందో. కట్టి, చెప్పకుండా ఊరుకున్నవాళ్ళు ఎంతమందో."

"ఒక్కరోజులో ఊడిపోతుందా ఏంటి నట్టు?"

"మనకి మొదటి చెక్కకే ఊడింది. నా మోకాలు అడుగు."

"అబ్బబ్బ, ఆ మోకాలు సంగతి ఎన్నాళ్ళు చెప్తావే? ఏమైనా అయిందా నీకు? అవలేదుగా!" గ్లాసు కింద పెట్టాడు. "ఖాతా నాది, పేరు నాది. నా పేరుతో ఒక్క ముక్క రాశావో చూడు." నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తన ఖాతా దాంట్లోంచి తీసేసి, ఫోన్ మాత్రం మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

అత్తయ్య లోపల్నుంచి, "మొగుడి పనిలో వంకలు వెతుకుతుంటే ఇల్లు నిలబడదే నిమియా. ముందు ఆ కూర మాడుతోందేమో చూడు" అంది.

కూర మాడలేదు. వడ్డించాను. ఉడికించిన కర్రపెండలం అందరికీ వేశాను. నేను పెట్టుకోలేదు. వాళ్ళిద్దరూ తిన్నారు. కాసేపటికి తలుపులు మూసుకున్నారు. మా వైపు సియెస్తా వేళ కుక్క కూడా మొరగదు. ఎవరి రంపమూ, ఎవరి సుత్తీ మోగదు. ఊరంతా నోరు మూసుకుని పడుకునే ఆ మధ్యాహ్నపు నిద్ర మీద నాకెప్పుడూ చిరాకే, నేను అంట్లు కూడా చప్పుడు చేయకుండా తోమాలి గనక. ఆరోజు మాత్రం అది ఎప్పటికీ అయిపోకూడదని కోరుకున్నాను. పిలార్‌లో జునిల్డా నిద్రపోతున్నంతసేపు వాళ్ళమ్మ క్షేమం.

అంట్ల ముందు నిలబడి ఆలోచించాను. రాయొద్దన్నాడు. నా మీద అరిచినందుకు కాదు నాకు బాధ. ఆ బ్లేడు దూసుకెళ్ళడం నా పక్కనే ఉండి కళ్ళారా చూసిన మనిషి, గౌను అంచు పట్టుకుని వణికిన మనిషి, 'ఏమైనా అయిందా నీకు' అన్నాడు. అంటే నా మోకాలు పోయి ఉంటేనే లెక్కలోకి వచ్చేది. జునిల్డా వాళ్ళమ్మది కూడా పోతేనే లెక్కలోకి వస్తుంది. నేను చెప్పిన ఉపాయాలకి పేరు అతనిది. మరి నేను చెప్పకపోయినదానికి పేరు ఎవరిది? భయమేసింది. భయం జునిల్డా గురించేనా, అతను లేచి చూస్తే ఏమంటాడోననా? రెండూ ఉన్నాయి. రెండోది ఎక్కువ ఉన్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

నాకూ ఒక ఖాతా ఉంది. ఫోటో ఉండాల్సిన చోట మందార పువ్వు ఉంది. అందులోంచి గ్రూపులో రాశాను. "దెర్లిస్ రంపం బల్ల కట్టినవాళ్ళు దయచేసి వాడకండి. వీడియో తారుమారుగా పడింది. బ్లేడు మీ కుడివైపు ఉండాలి. ఎడమవైపు ఉంటే మోటారు అటునుంచి ఇటు తిప్పి బిగించి, తీగలు మార్చి కలపండి. లేకపోతే నట్టు ఊడి బ్లేడు ఎగిరిపోతుంది. నిమియా." పంపగానే, కొత్తవాళ్ళ రాతలు అడ్మిన్ చూశాకే అందరికీ కనబడతాయని వచ్చింది. అడ్మిన్ నిద్రపోతున్నాడు! అన్నాళ్ళుగా ఆ గ్రూపులో రాస్తున్నదాన్ని, నేను కొత్తదాన్నట.

జునిల్డాకి విడిగా రాశాను. చూడలేదు. మళ్ళీ రాశాను. చూడలేదు. ఆమె తేనె సీసాల పేజీ వెతికితే కింద ఫోన్ నంబరు దొరికింది. పెరటి చివర బట్టల తీగ దగ్గరికి వెళ్ళి చేశాను. మోగింది, ఆగింది. సియెస్తా వేళ ఫోన్ చేసేవాళ్ళని తిట్టుకోనివాళ్ళుండరు, తెలిసీ మళ్ళీ చేశాను. ఎక్కడో వీధి చివర ఎవరో కిటికీ రెక్క తెరిచారు. ఊరు లేస్తోంది. మళ్ళీ చేశాను.

"ఎవరూ?" మంచి నిద్ర చెడిన గొంతు.

"జునిల్డా గారూ, రంపం ఆన్ చేశారా?"

"ఇప్పుడే షెడ్డులోకి వచ్చాను. మీరెవరు?"

"నేను దెర్లిస్ భార్యని. విల్యారికా నుంచి. దయచేసి దాన్ని నడపకండి."

ఆమె గొంతు మారింది. "చూడమ్మా, నేను మీ ఆయనకి రాసేది రంపాల గురించే. నాకు అరవై దాటాయి. మీ ఇంట్లో గొడవలేమైనా ఉంటే మీరూ మీరూ చూసుకోండి."

నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. ఒక ఆడది ఇంకో ఆడదానికి మొగుడి విషయమై ఫోన్ చేసిందంటే అనుమానం తప్ప ఇంకేం ఉంటుంది మరి! నట్టు సంగతి చెప్పాను. ఆమె వింది. విన్నాక, "మాస్టారు పర్ఫెక్ట్ అన్నారు కదా. ఆయనకి తెలియకుండా మీకు తెలిసిందా?" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు," అన్నాను. "నిలబడలేరని మీరు రాస్తే, ఆవిడ కుర్చీలో కూర్చుని పట్టుకునేలా బల్ల కాళ్ళు కురచ చేయమని జవాబొచ్చింది మీకు. కోసిన ముక్క ఒళ్ళో పడకుండా చివర అడ్డపట్టీ కొట్టమని కూడా వచ్చింది. ఆవిడకి తగ్గిందా అని నేను అడిగాను. ఆముదం రాస్తున్నానన్నారు మీరు."

"అది మాస్టారు..."

"అది నేను. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోయాయి కూడా. ఆవిడ కూర్చునేది బ్లేడుకి ఎదురుగా, జునిల్డా గారూ. కుర్చీలోంచి లేచి తప్పుకోలేని మనిషి."

అవతల ఏదో లోహం చప్పుడు. "ప్లగ్గు పీకేశాను," అంది జునిల్డా. తర్వాత వాళ్ళమ్మని, "అమ్మా, లే, ఇవాళ పని లేదు" అనడం వినిపించింది. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి, "అయితే ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది మీరా? ఒక్కసారైనా చెప్పొచ్చుగా!" అంది. ఏం చెప్పను? చెప్పుకోవడానికి కూడా ఒక అలవాటు ఉండాలి. మోటారు ఎలా తిప్పాలో చెప్పి ఫోన్ పెట్టేశాను. అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

లోపలికి వచ్చేసరికి అడ్మిన్ నిద్ర లేచినట్టున్నాడు, నా రాత గ్రూపులో కనిపించింది. కింద అప్పటికే జనం. "ఎవరండీ ఈవిడ?" "మందారపువ్వుకి మోటార్లెందుకో!" "మాస్టారి పేరు చెడగొట్టడానికి ఫలితం రోజే దొరికిందా?" ఒకతను, "నాది నిన్న వదులైతే ఇంకా గట్టిగా బిగించి వాడుతున్నాను, కొంపదీసి ఇదేనా?" అని రాశాడు. దాని కింద బెర్నాల్ రాశాడు. "ఆవిడ చెప్పింది నిజం కావచ్చు. నా రంపం నట్టు కుడివైపే ఉంది. దెర్లిస్, నువ్వేమంటావ్?" ఆ తర్వాత అందరిదీ ఒకటే మాట. మాస్టారు చెప్తే ఆపుతాం. మాస్టారు చెప్పండి. మాస్టారూ?

దెర్లిస్ పడగ్గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టు చెదిరి, చేతిలో ఫోన్‌తో. అరుస్తాడనుకుని బిగదీసుకున్నాను. అరవలేదు. నాకేసి చూసి, నట్టు వదులైందన్న మనిషి రాసింది మళ్ళీ చదివాడు. పెదాలు కదిలాయి.

"నా పేరుతో రాయొద్దన్నావుగా," అన్నాను. "రాయలేదు."

"గ్రూపంతా అడుగుతోంది నన్ను." గొంతు పీలగా వచ్చింది. "వాడు ఇంకా నడుపుతున్నాడేమో." దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఫోన్ నా ముందుకి చాపాడు. "నువ్వే రాసెయ్ నిమీ. నిజమేనని రాసెయ్. నీకైతే త్వరగా వస్తుంది."

త్వరగా వస్తుంది, అవును. నా వేళ్ళు అప్పటికే లేచాయి. ఆ మనిషి ఎక్కడో చెక్క తోస్తున్నాడేమో, ఒక్క క్షణం ఆలస్యమైనా... చేతులు వెనక్కి తీసుకుని చంకల కింద పెట్టుకున్నాను.

"నువ్వే రాయి. తొందరగా."

"మా అబ్బాయి చేత ఇప్పుడు క్షమాపణ చెప్పిస్తావా?" అంది అత్తయ్య వెనకనుంచి. దెర్లిస్ బల్ల ముందు కూర్చుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను భుజం మీంచి చూస్తూ నిలబడ్డాను. ప్రతి అక్షరానికీ నా ప్రాణం పోయి వస్తోంది. 'ఆవిడ చెప్పింది నిజం. అందరూ ఆపండి. తప్పు నాది.' పంపాడు. వెంటనే ఆ మనిషి నుంచి జవాబొచ్చింది, ఆపేశానని. దెర్లిస్ నుదుటి చెమట తుడుచుకుని, పెద్ద పరీక్ష రాసి వచ్చినవాడిలా నాకేసి తిరిగాడు.

"చాలా?" అన్నాడు.

అతని పేరు కింద, నేను రాసిన జవాబులన్నిటికీ వచ్చిన ధన్యవాదాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"చాలదు," అన్నాను. "ఇంకా రాయి."